దీవెనమ్మ సమాధి దగ్గర పదిమంది

వరంగల్ వెళ్లొచ్చానని చెప్పగానే మా స్కూల్లో టీచర్లు అడిగిన మొదటి ప్రశ్న కోట చూశావా అని. రెండోది వెయ్యి స్తంభాల గుడి చూశావా అని. రెండూ చూడలేదు. మరి అన్ని రోజులు అక్కడేం వెలగబెట్టావని నవ్వారు. నేను చూసింది ఒక పల్లెటూళ్లో ఒక సమాధి. ఆ సంగతి వాళ్లకు చెప్పలేదు. స్టాఫ్ రూములో చెప్పడం మొదలుపెడితే మధ్యలో గంట కొట్టేస్తారు. ఇక్కడైతే తీరిగ్గా రాయొచ్చు.

మాది తెనాలి దగ్గర పల్లె. లూథరన్ పాదిరిగారి కూతుర్ని. పెళ్లయి బొంబాయి చేరాక బైకల్లాలో ఒక తెలుగు బడిలో పాఠాలు చెప్పుకుంటున్నాను. మేముండే వరస గదుల చాల్‌లో మెట్ల పక్క గది రాహేల్‌బాయిది. ఆమె యూదురాలు. కొంకణ తీరంలో తరతరాలుగా ఉంటున్న యూదులు వీళ్లు. ఇంట్లో మరాఠీ మాట్లాడతారు, చీరలే కడతారు, శనివారం మాత్రం పొయ్యి వెలిగించరు. అరవై దాటిన మనిషి, నాతో హిందీలో మాట్లాడుతుంది. పెళ్లి చేసుకోలేదు, బతుకంతా నర్సుగానే గడిచింది. వయసులో ఉండగా కొన్నేళ్లు వరంగల్‌లో ఒక చిన్న కాన్పుల దవాఖానలో పనిచేసిందట.

ఎనభై ఒకటో సంవత్సరం వేసవిలో డాక్టరు ఆమె గుండె వాచిందని చెప్పాడు. వానలు తగ్గాక ఒక సాయంత్రం నా గదికొచ్చి, దసరా సెలవుల్లో నాతో వరంగల్ రాగలవా అని అడిగింది. తన తెలుగుకు తుప్పు పట్టిందట, అక్కడ ఒకామెతో తప్పకుండా మాట్లాడాలట. కొత్త ఊరంటే నాకు కాళ్లు నిలవవు. ఏం మాట్లాడాలో కూడా అడక్కుండా పెట్టె సర్దాను.

రైల్లో

మా ఎదురు సీట్లో షోలాపూర్ నేతగాడు ఒకాయన కూర్చున్నాడు. వాళ్ల తాతలు వరంగల్ వైపు నుంచే వలస వెళ్లారట. బతుకమ్మకు అక్క ఇంటికి వెళుతున్నాడు. ఆయన తెలుగులో సగం మరాఠీ, నా తెలుగులో సగం తెనాలి. ఇద్దరం ఒకరి మాటకు ఒకరం నవ్వుకుంటూ ఆయన తెచ్చిన పల్లీల చట్నీ, జొన్నరొట్టె పంచుకున్నాం. రాహేల్‌బాయి తన డబ్బాలోని ఉడికించిన గుడ్లు తప్ప ఏమీ ముట్టలేదు. నేను పాదిరి కూతుర్ని, ఏదైనా తింటాను. ఆమె మాత్రం ఏది తినాలన్నా ముందు ఆలోచిస్తుంది.

ఆయన నిద్రపోయాక ఆమె అసలు సంగతి చెప్పింది. ఆ దవాఖానలో దీవెనమ్మ అని ఒక ఆయా ఉండేది. వర్ధన్నపేట అవతల పల్లె ఆమెది, భర్త పోయి చిన్న కూతురుతో బతికేది. చలికాలంలో పుట్టిన పసిబిడ్డల పక్కన వేడినీళ్ల రబ్బరు సంచి పెట్టేవాళ్లు. సంచికి మందపాటి గుడ్డ చుట్టి, ముందు తన ముంజేతికి ఆనించి చూసుకుని పెట్టాలని నియమం. ఒక సాయంత్రం హడావుడిలో రాహేల్‌బాయి గుడ్డ చుట్టకుండా పెట్టేసింది. బిడ్డ కాలు బొబ్బలెక్కింది. ప్రాణం నిలిచింది గాని పాదం ముడుచుకుపోయింది. డాక్టరమ్మ అడిగినప్పుడు ఉయ్యాల దగ్గర నిలబడి ఉన్నది దీవెనమ్మ. ఎవరు పెట్టారన్న ప్రశ్నకు రాహేల్‌బాయి నోరు తెరవలేదు. తమ్ముళ్ల చదువులు ఆమె జీతం మీద నడుస్తున్నాయి. దీవెనమ్మను పంపించేశారు. ఆ తర్వాత కొద్ది నెలలకే ఈమె బొంబాయి వెళ్లిపోయింది.

నాకు మా నాన్నగారి ప్రసంగాలన్నీ గొంతులోకొచ్చాయి. దేవుడి దగ్గర ఒప్పుకున్నావు కదా, అది ఎప్పుడో కొట్టేసి ఉంటాడు, ఇంకా మోయడమెందుకు అన్నాను. ఆమె తల అడ్డంగా ఊపింది. దేవుడి పట్ల చేసిన తప్పు దేవుడు క్షమిస్తాడు, మనిషి పట్ల చేసిన తప్పు మనిషే క్షమించాలి, అది దేవుడి చేతిలో కూడా లేదు, వాళ్ల పెద్దలు చెప్పిన మాట ఇది. వాళ్ల కొత్త సంవత్సరం ఆ అమావాస్యకే మొదలైంది. పదో నాడు పగలూ రాత్రీ ఉపవాసముండి ప్రార్థిస్తారు. ఆ లోపల ఎవరికి ద్రోహం చేశామో వాళ్ల ఇంటికి వెళ్లి అడగాలి. అడక్కుండా ఉపవాసాలు చేస్తే కడుపు మాడటం తప్ప ఫలితం లేదట. అన్నేళ్లుగా ఆమె కడుపే మాడింది.

తర్వాత నన్నొక పని అడిగింది. దీవెనమ్మకు చెప్పాల్సిన నాలుగు ముక్కలు నా నోటితో కాకుండా తన నోటితోనే చెప్పాలి, తెలుగు సరిచేసి పెట్టు అంది. రైలు వాడి జంక్షన్ దాటేదాకా పసిపిల్లలా వల్లెవేసింది. నాకు నవ్వొచ్చింది, వెంటనే సిగ్గూ వేసింది.

వరంగల్

స్టేషన్ బయట గంపల నిండా తంగేడు పూలు, గునుగు పూలు. మా వైపు గునుగును కలుపు అని పీకి పారేస్తాం. ఇక్కడ రంగులద్ది, పళ్లెంలో పేర్చి, సాయంత్రం చుట్టూ తిరుగుతూ పాడతారు. పూలమ్మే ఆమె నన్ను జర జరగమని అదిలించి, నా మాట వినగానే ఆంధ్రోళ్లా అక్కా అని ఇంకో చేత్తో చాయ్ వాణ్ని పిలిచింది. చాయ్ బొంబాయిలో కంటే చవక, తియ్యదనం రెండింతలు. కాఫీ ఎక్కడ దొరుకుతుందని అడిగితే నన్ను జాలిగా చూశారు.

దవాఖాన ఉన్న సందు వెతుక్కుంటూ వెళ్లాం. అక్కడిప్పుడు చీరల దుకాణం. గుమాస్తా మర్యాదగా కూర్చోబెట్టి గద్వాల చీరలు పరిచాడు. రాహేల్‌బాయి చీరల వంక చూడలేదు. వెనకగదిలో కాన్పులయ్యేవి, అక్కడ కిటికీ ఉండేదని గోడ వైపు చూస్తూ నిలబడింది. కొనకపోతే బాగుండదని నేనొక జాకెట్టు ముక్క కొన్నాను. ఇంటికొచ్చి చూస్తే చాలలేదు.

మర్నాడు వర్ధన్నపేట బస్సనుకుని నర్సంపేట బస్సెక్కాం. తప్పు నాదే, బోర్డు చదివింది నేను. టీచర్ని కదా, ఎవరినీ అడగను. నడిరోడ్డు మీద దిగేటప్పుడు చెప్పు తెగింది. రాహేల్‌బాయి ఏమీ అనకుండా తన కొంగుకున్న పిన్నీసు తీసి నా చెప్పుకు పెట్టింది. ఆమె మంచితనం గురించి ఇంతకంటే చెప్పలేను. అందుకే రైల్లో విన్నది నాకు నమ్మబుద్ధి కాలేదు.

సువార్త ఇల్లు

ఊళ్లో దీవెనమ్మ ఇల్లెక్కడని అడిగితే ఒక ముసలాయన పెద్దవ్వ లేదు గదా అమ్మా, పోయిన ఏడు కాక ముందటేడు ఎండాకాలం పోయింది అన్నాడు. రాహేల్‌బాయి నా చెయ్యి పట్టుకుంది. అంత దూరం వల్లెవేసుకుంటూ వచ్చిన మాటలు వినే మనిషి లేదు.

దీవెనమ్మ కూతురు సువార్త పొలం నుంచి పరుగున వచ్చింది. నలభైకి దగ్గర పడ్డ మనిషి, కూలికి వెళుతుంది, చర్చి గుళ్లో పాటలెత్తేది కూడా ఆమేనట. అమ్మతో పనిచేసిన నర్సమ్మ బొంబాయి నుంచి వచ్చిందని మంచం వాల్చి, భర్త యాకోబును కోడిని పట్టమంది. వద్దనేలోపే కోడి పోయింది. తమ వాళ్లు కోసే విధానంలో కోసింది తప్ప తినకూడదని రాహేల్‌బాయి బతిమాలుతూ చెప్పింది. బాపనమ్మ లెక్కనే ఉన్నదే అని పక్కింటివాళ్లు నవ్వారు. ఆమె సర్వపిండి, పచ్చిపులుసు తింది. కోడి నా వంతుకొచ్చింది. కారం మా గుంటూరు వాళ్లకేమీ తీసిపోదు.

ఆమె యూదురాలని తెలిశాక వాకిలి నిండిపోయింది. ఇశ్రాయేలు వాళ్లంటే బైబిల్లో ఉంటారు గాని బస్సు దిగి వస్తారని ఎవరనుకుంటారు? ఒక అవ్వ ఆమె చెయ్యి తడిమి చూసి, మోషేకు నువ్వు ఏమైతవు బిడ్డా అని అడిగింది. రాహేల్‌బాయి ఆ రోజు నవ్వింది అప్పుడొక్కసారే.

జనం వెళ్లాక సువార్త తల్లి గురించి చెప్పుకొచ్చింది. దవాఖాన నుంచి వచ్చేశాక ఊరంతా పసిబిడ్డను కాల్చినామె అనేవాళ్లట. సంఘంలో రొట్టె, ద్రాక్షరసం పంచే ప్రభుబల్ల దగ్గరికి రానివ్వలేదు. తప్పు ఒప్పుకుంటే రానిస్తామన్నారు, నేను చెయ్యలేదని ఆమె ఏళ్ల తరబడి వెనక బల్ల మీదే కూర్చుంది. సువార్త పెళ్లి కుదిరినప్పుడు అప్పటి పాస్టరు, తల్లి ఒప్పుకుంటే గాని గుళ్లో పెళ్లి జరగదన్నాడు. దీవెనమ్మ ఆదివారం నాడు అందరి ముందూ లేచి నిలబడి, అవును, నేనే కాల్చిన అంది. పెళ్లి జరిగింది.

"నాకు మస్తు సిగ్గైంది గనీ క్షమించిన నర్సమ్మా," అంది సువార్త. "ఎంతైన తల్లి గదా. యేసయ్య మనల క్షమించలేదా. ఒక్కటే, నా పిల్లలకు ఆమెతోని నీళ్లు పోయించలే. పసిపిల్లల తాన ఆమె చెయ్యంటే నాకు భయం. వేరే అవ్వను పిలిపించుకున్న. ఆమె గడపల కూసోని చూసేది."

మా వైపు కూడా పసిబిడ్డకు నీళ్లు పోయడం అమ్మమ్మ హక్కు. కాళ్లు చాపుకుని, బిడ్డను కాళ్ల మీద బోర్లా వేసుకుని, నూనె పెట్టి, వేడినీళ్లతో ఒళ్లు తోమి ముక్కు చెవులు ఊదుతుంటే బిడ్డ ఊరంతా వినేలా ఏడుస్తుంది. ఆ ఏడుపు వింటూ గడపలో కూర్చున్న ముసలమ్మ నా కళ్ల ముందు కదిలింది. ఆ మాటలు నేను హిందీలో చెప్పాల్సిన పని రాలేదు. రాహేల్‌బాయి ముఖం చూస్తే అంతా అర్థమైందని తెలిసిపోయింది. లేచి పెరట్లోకి వెళ్లి చాలాసేపు రాలేదు.

అయ్యగారి ప్రశ్న

వచ్చాక ఈ ఊరి పాస్టరును చూడాలంది. అయ్యగారు యువకుడు, ఈ మధ్యనే వచ్చినవాడు, మంచివాడు. మమ్మల్ని కూర్చోబెట్టి అందరినీ అడిగే ప్రశ్నే ఆమెనూ అడిగాడు. అమ్మా, మీరు రక్షణ పొందారా?

"దేని నుంచి?" అంది రాహేల్‌బాయి.

ఆయన ఓపిగ్గా చెప్పాడు. ఆదాము నుంచి అందరం పాపంలోనే పుట్టాం, మనంతట మనం కడుక్కోలేం, అందుకే ఒకడు మన బదులు మోశాడు, నమ్మి చెయ్యి చాపితే క్షమాపణ ఉచితం. నేను ఉగ్గుపాలతో తాగిన మాటలివి. ఇప్పటికీ నమ్ముతాను. రాహేల్‌బాయి అంతా విని, మా దగ్గర అలా కాదు అంది. పొద్దున లేవగానే నువ్విచ్చిన ప్రాణం శుభ్రమైనది అని దేవుడికి చెప్పుకుంటామంది. పాడు చేసుకునేది మనం, వచ్చిన దారినే వెనక్కి నడిచి బాగుచేసుకోవాల్సిందీ మనమే. నా తప్పు ఇంకొకరు మోస్తామన్నా ఇవ్వడానికి నాకు హక్కు లేదంది. చచ్చిపోయాక ఎక్కడికి పోతానని ఆమె ఎన్నడూ దిగులుపడలేదట. ఇక్కడ ఏం వదిలి పోతున్నానన్నదే దిగులు.

అప్పుడు కావలసింది అడిగింది. ద్రోహం చేసిన మనిషి చనిపోతే సమాధి దగ్గరికి పదిమందిని తీసుకెళ్లి, వాళ్ల ముందు తప్పు పేరు పెట్టి చెప్పుకోవాలని వాళ్ల ఆచారం. ఆ పదిమందిని పిలిపించండి అంది. అయ్యగారు ఇబ్బందిగా కదిలాడు. చనిపోయినవాళ్లతో మాట్లాడటం మన పద్ధతి కాదు. ఏదైనా ఉంటే గదిలో తలుపేసుకుని దేవుడికి చెప్పుకోండి, పోనీ సువార్తకు చెప్పండి, పదిమందిలో ఎందుకు? ఆ ముక్క నాకూ సబబుగానే తోచింది, అలాగే అన్నాను కూడా.

రాహేల్‌బాయి నా వైపు తిరిగింది. "ఆమెను పదిమందిలో నిలబెట్టలేదూ?" అంది.

అయ్యగారికి అది తెలుగులో చెప్పాను. ఆయన తల వంచుకుని, రేపు పొద్దున వస్తాం అన్నాడు.

బొందలగడ్డ

మేం సమాధుల తోట అంటాం. ఇక్కడ బొందలగడ్డ అంటారు. ఊరి బయట చెరకు తోట పక్కన కొంచెం ఎత్తు నేల. దీవెనమ్మది మట్టి సమాధే, తలవైపు సున్నం కొట్టిన చిన్న సిలువ. చుట్టూ తంగేడు పూసింది. బతుకమ్మకు కోసుకుపోగా మిగిలిన పూలు.

కోతల రోజులు కాకపోయినా మగవాళ్లు దొరకలేదు. అయ్యగారు, యాకోబు, సంఘంలో నలుగురు, ఇరుగుపొరుగున ఉండే మల్లయ్య, ఆయన అన్న. ఎనిమిది మంది. రాహేల్‌బాయి రెండుసార్లు చూసింది. వాళ్ల నియమం ప్రకారం పదిమందీ యూదులే కావాలి, అందులోనూ మగవాళ్లే. ఆడవాళ్లం లెక్కలోకి రామట. ఈ ముక్క రైల్లో చెప్పినప్పుడే నేను దెబ్బలాడాను. ఇప్పుడు ఆమె, మా నాన్న ఉంటే ఒప్పుకోడు గాని మీరిద్దరూ రండి అంది. నేను వెళ్లి యాకోబుకు కొంచెం ఎడంగా నిలబడ్డాను. మా ఇద్దరి మధ్య సువార్త నిలబడింది. ఆమె పెదవుల మీద ఇంకా చుట్టానికి చేసే మర్యాద నవ్వుంది. నాకు అక్కణ్నుంచి పారిపోవాలనిపించింది.

రాహేల్‌బాయి సమాధి ముందు చెప్పులు విడిచింది. నేను నేర్పిన మాటల్లో సగం మరిచిపోయింది, ఎప్పుడో ఈ వైపువాళ్ల దగ్గర నేర్చుకున్న తెలుగే వచ్చింది.

"దీవెనమ్మా. నేను, రాహేల్‌ని. నీళ్ల సంచి నేను పెట్టిన. గుడ్డ చుట్టలే. నువ్వు పెట్టలే. డాక్టరమ్మ అడిగితే నేను చెప్పలే. నువ్వు నా దిక్కు చూసినవు, అయినా చెప్పలే. దేవుని ముందల, ఈ పదిమంది ముందల చెప్తాన. తప్పు నాది."

మూడుసార్లు చెప్పింది. మల్లయ్య తలగుడ్డ తీసి చేత్తో పట్టుకున్నాడు. సంఘం పెద్దల్లో ఒకాయన, దీవెనమ్మ ఒప్పుకున్న ఆదివారం గుళ్లో ఉన్నాడట, కూలబడి తల పట్టుకున్నాడు.

సువార్త ముఖంలోకి నేను చూడలేకపోయాను. అయ్యగారు దగ్గరికొచ్చి మెల్లగా, క్షమించిన అను అమ్మా, మనం క్రైస్తవులం అన్నాడు. ఆయన మళ్లీ అన్నాడు. ఆయన చెడ్డవాడు కాదు, ఆమె మనసులో విషం మిగలకూడదని ఆయన తపన. ఆయన చోట మా నాన్నగారున్నా అదే అనేవారు, నేనున్నా అదే అనేదాన్నేమో.

రాహేల్‌బాయి వెనక్కి తిరిగింది.

"అనొద్దు బిడ్డా," అంది. "అది నీది గాదు. ఆమెది. నువ్వియ్యలేవు, నేను తీసుకోలేను."

అంత కఠినమైన మాటలో అంత దయ ఉంటుందని నాకు తెలియదు. సువార్త ఒళ్లంతా వదులైంది. ఇన్నేళ్లూ క్షమించు, క్షమించు అని చెప్పినవాళ్లే గాని, అక్కర్లేదని ఎవరూ చెప్పలేదు ఆమెకు. నాకు ఏడుపొచ్చింది, ఆపుకోలేదు.

ఇక అయిపోయిందనుకుని మగవాళ్లు కండువాలు దులుపుకుని కదిలారు. అప్పుడు సువార్త చెయ్యెత్తింది.

"జర ఆగుండ్రి. ఎవ్వలు పోకుండ్రి. నాది గూడ ఉన్నది."

అందరూ ఆగిపోయారు. ఆమె మా వరసలోంచి బయటికి వచ్చి సమాధి దగ్గరికి నడిచింది. నాకూ యాకోబుకూ మధ్య ఖాళీ మిగిలింది. రాహేల్‌బాయి ఆ ఖాళీని చూసింది. చెప్పులు కూడా వేసుకోకుండా నెమ్మదిగా వచ్చి, సువార్త నిలబడిన చోట నిలబడింది.

సువార్త మోకాళ్ల మీద కూర్చుని రెండు అరచేతులూ మట్టికి ఆనించింది.

"అమ్మా," అంది. "నా ముగ్గురు పిల్లల్ల ఒక్కలకు గూడ నీతోని నీళ్లు పోయనియ్యలే. నువ్వు చెయ్యని తప్పుకు నిన్ను క్షమించిన అని ఊరంత చెప్పుకున్న. తప్పు నాది."